ఉమ్మడి డబ్బు, ఉమ్మడి బోరు

ఆ రోజు బాబాయి వరండాలో ఉన్నవాళ్లం నలుగురం: బాబాయి, పిన్ని, గుంటూరు నుంచి వచ్చిన మిర్చి బ్రోకరు, నేను. ఉన్నవి: పాత పేపరు మీద పోసిన మచ్చుకాయలు రెండు గుప్పిళ్లు, నాలుగు గ్లాసుల మజ్జిగ, బాబాయి ఫోను. ఫ్యాను ఉంది, వేయలేదు. మిర్చి మచ్చు ముందుంటే మా ఇళ్లలో ఫ్యాను వేయరు, ఘాటు లేస్తుంది.

బాబాయి పండించిన తేజ రకం మిర్చి, తొంభై రెండు టిక్కీలు, అంటే బస్తాలు, వేసవి నుంచి కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఇంకా ఉంచితే రంగు తగ్గుతుంది. అమ్మితేనే కొత్త తోటకు నారు. బంగ్లాదేశ్, శ్రీలంక వ్యాపారులకు డాలర్లు దొరక్క ఆర్డర్లు ఆగాయని, అందుకే రేటు పడిందని బ్రోకరు చెప్పారు.

బాబాయి ఫోనులో ఒక వార్త తెరిచి నా ముందుకు తోశాడు.

"చుట్టుపక్కల దేశాలన్నిటికీ ఒకటే డబ్బు వచ్చిద్దంట. ఇక డాలర్ల గొడవే ఉండదు. ఏరా, ఇంజినీరింగ్ చదివావుగా, వచ్చిద్దా రాదా?"

నేను కాగితం మీద మూడు గళ్లు గీశాను: లాభాలు, చిక్కులు, తెలియనివి. మూడో గడి ముందుగా నిండింది.

"మరి నోట్లు ఎవరు కొడతారు?" అంది పిన్ని.

"అందరూ కలిసి ఒక బ్యాంకు పెట్టుకోవాలి పిన్నీ."

"మన ఉమ్మడి బోరులాగానా?"

ఆ బోరు ముగ్గురు రైతులది. మోటారు పెట్టె తాళంచెవి వారానికొకరి దగ్గర ఉండేది. పోయిన ఎండాకాలం ఒకాయన తన వారంలో రాత్రింబవళ్లు నీళ్లు పెట్టుకున్నాడు. ఇప్పుడు పెట్టెకు మూడు తాళాలు. ముగ్గురూ వస్తేనే మోటారు.

"మూడు చేలకే మూడు తాళాలు పడ్డాయి. దేశాలకి ఎన్ని పడతాయో!" అంది పిన్ని.

"మీరు టీవీలో కూర్చోవాల్సిందమ్మా," అని బ్రోకరు నవ్వారు.

బాబాయి నవ్వలేదు. "ఒరేయ్, ఒక్క ముక్కలో చెప్పు. అమ్మనా, ఆగనా?"

"ఇప్పట్లో రాదు బాబాయ్. అలాగని ఎప్పటికీ రాదనీ చెప్పలేను. ఈలోగా ఆ దేశాల వ్యాపారులు మన రూపాయల్లోనే కట్టే ఏర్పాటు పెరిగితే రేటు లేవొచ్చు..."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందా, మొదటే అనాల్సిందా, నాకిప్పటికీ తేలలేదు. బాబాయి వేలితో మచ్చును రెండు కుప్పలు చేశాడు.

"ఈ సగం బండెక్కించండి. ఆ సగం వీడి మాట మీద ఉంచుతా."

ఏ మాట మీదో అడుగుదామనుకున్నాను. బ్రోకరు అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

నా మాట మీద కోల్డ్ స్టోరేజీలో ఆగినవి నలభై ఆరు టిక్కీలు.