షష్టిపూర్తి పెళ్లికూతురు

కన్యకాపరమేశ్వరిని నేను అక్కా అంటాను. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా స్టీలు సామాన్ల కొట్టుని ముప్ఫై మూడేళ్లు ఆవిడే నడిపింది. బిందె మీద వేలితో ఓ దెబ్బ కొట్టి, చప్పుడు విని, రేకు మందం చెప్పేసేది. బేరమాడదామని వచ్చినవాళ్లు ఆవిడ చూపు తగలగానే అడగబోయిన ధర మింగేసేవారు. అలాంటి మనిషిని ఒక్క మాట పడగొట్టేసింది.

రెండు వేల తొమ్మిదిలో బావగారికి షష్టిపూర్తి వచ్చింది. అరవై నిండినాయనకి భార్యతో మళ్లీ పెళ్లి చేస్తారు కదా. శుభలేఖలు పంచడానికి కొవ్వూరు వెళ్తే, ఓ పెద్దాయన అక్కని చూసి బావగారితో, "మీ అక్కగారాండి?" అన్నాడు. బావగారు నవ్వేశారు. జుట్టుకి రంగేసుకునే మగాడికి నవ్వే వస్తుంది మరి. నాకు ఒళ్లు మండింది. అక్క బ్రిడ్జి దాటేదాకా చెంపలు తడుముకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది. శుక్రవారం కోరుకొండ నరసింహస్వామి దర్శనానికని ఇంట్లో అబద్ధమాడి, ఊళ్లో కొత్తగా పెట్టిన స్కిన్ క్లినిక్‌కి వెళ్లాం. స్వామి పేరు చెప్పి బయల్దేరడం నాకు అప్పుడే నచ్చలేదు.

డాక్టరు మంచివాడే. "మెషీన్‌తో వేడి పెడితే వదులైన చర్మం బిగుస్తుందండి. ఇంజెక్షన్‌తో జెల్ ఎక్కిస్తే పీక్కుపోయిన చోట నిండుతుంది. ఇవాళ మెషీన్ చేద్దాం, జెల్ నెల తర్వాత చూద్దాం. రెండూ ఒకేరోజు చేస్తే, రేపు నొప్పొస్తే దేనివల్లో మీరు తేల్చుకోలేరు" అన్నాడు.

"ఆదివారం పెళ్లండి. నెల తర్వాత నిండితే ఎవరికి చూపించుకోను?"

"ఎవరి పెళ్లండి?"

"నాదే" అంది అక్క.

ఆయన చివరికి సరేనన్నాడు. చేశాక మాత్రం గట్టిగా చెప్పాడు. "నొప్పి పెరిగినా, చర్మం తెల్లబడినా, ఊదాగా మారినా గంట కూడా ఆగొద్దు. జెల్ రక్తనాళానికి అడ్డుపడితే అక్కడి చర్మం చచ్చిపోతుంది. వెంటనే వస్తే కరిగించే మందు ఉంది."

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని మురిసిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది. సాయంత్రానికి ముక్కు పక్కన సలుపు మొదలైంది. "మెషీన్ వేడిలే" అంది. కావాలనే నమ్మాను.

శనివారం పొద్దున్న పీట మీద కూర్చోబెట్టి పెళ్లికూతుర్ని చేశాం. మొదటి పసుపు నాదే. ముద్ద చేత్తో వంగి చూస్తే, ముక్కు పక్కన రూపాయి బిళ్లంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. చుట్టూ ఊదా గీతలు, వల పరిచినట్టు. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏంటే శ్యామలా, పసుపు రాయడానికీ ముహూర్తం చూస్తున్నావా?" అంది వెనకనుంచి మా పెద్దాడపడుచు సుబ్బాయమ్మ. ముత్తైదువలంతా నవ్వారు.

నేను చెవి దగ్గరకి వంగి, "అక్కా, క్లినిక్‌కి పోదాం, లే" అన్నాను.

అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "బాగా పట్టించు. రేపటిదాకా అంతే."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు నానింది. ఆ మచ్చ మీద మందంగా పట్టించాను. నా తర్వాత పదకొండుమంది ముత్తైదువలు వరసగా రాశారు. స్నానమయ్యాక అక్క తలుపేసుకుని, ముఖానికి మళ్లీ తనే పసుపు రాసుకుని వచ్చింది. పెళ్లికళ వచ్చేసిందన్నారు చూసినవాళ్లు.

ఆదివారం కూడా అక్క మందంగా పసుపు రాసుకునే పీటల మీద కూర్చుంది, బావగారు తాళి కట్టారు. ఫోటోలు చాలా బాగా వచ్చాయి. చుట్టాలు భోజనాలకి లేచాక అక్క గదిలోకెళ్లి ముఖం కడిగి నన్ను పిలిచింది. తెల్లగా ఉన్న చోటు నల్లబడిపోయింది.

ఫోన్ చేసి క్లినిక్‌కి వెళ్తే, డాక్టరు పరుగున వచ్చి కరిగించే మందు ఎక్కించాడు. "నిన్న పొద్దున్న వచ్చుంటే దక్కేదండి. రంగు నిన్నే మారి ఉంటుంది. ఇంట్లో ఎవరూ చూళ్లేదా?"

చెబుదామనే నోరు తెరిచాను.

"లేదండీ" అంది అక్క నాకంటే ముందు. "పసుపు రాసుకున్నాను కదా, ఎవరికీ కనబడలేదు."

నెల తిరక్కుండా ముక్కు అంచు ఊడిపోయింది. నేను చూశానన్న సంగతి అక్క ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. ఒక్కసారి తిట్టినా బతికిపోయేదాన్ని.