చెయ్యి ముందొచ్చిన పిల్ల

మా చిన్నప్పుడు... కొత్వాల్‌గూడలో ఇంటి వెనక బర్రె ఈనుతుంటే నేనూ అమ్మమ్మా అరుగు మీద కూర్చుని చూశాం. అమ్మమ్మ ఊరికి మంత్రసాని. అయినా లేవలేదు.

ఎందుకని అడిగాను.

“దానికి నాతోని ఏం పని? దూడ ముంగటి కాళ్లు చాపి సక్కగ జారుతది. మన పిల్లకు తల పెద్దది, తోవ ఇరుకు. మొగం ఎనుకకు తిప్పుకొని వస్తది. తల్లికి చెయ్యి అందది. గందుకే మనిషికి ఇంకో మనిషి గావాలె.”

బడి మొహం చూడని మనిషి మాట అది...

ఆ ఏడే మా చిన్నమ్మకు నొప్పులొచ్చాయి. కాన్పు సులువవ్వాలని ఇంట్లో పెట్టెల మూతలన్నీ తెరిచారు, చిన్నమ్మ కొప్పు విప్పారు. బియ్యం డబ్బా మూత నేనే తీశాను. అమ్మమ్మ ప్రార్థన చేసుకుని లోపలికెళ్లింది... కాసేపటికే బయటికొచ్చింది.

“చెయ్యి ముందొచ్చింది. నాతోని గాదు. జీపు తెమ్మనుండ్రి, దవాఖానకు పోవాలె.”

ఊళ్లో పుట్టినవాళ్లలో సగం మందిని తన చేతుల్లో పట్టిన మనిషి, అందరి ముందూ ఆ మాట అనడానికి రవ్వంత సిగ్గుపడలేదు. దవాఖానలో కోసి తీశారు. తల్లీపిల్లా దక్కారు.

ఆ పిల్లే మా చెల్లె... ఇప్పుడు తనకే కడుపు, తొమ్మిదో నెల. శంషాబాద్‌లో విల్లా... శనివారం శనివారం ఏసీ హాల్లో చాపల మీద ఒక గురువమ్మ దగ్గర కాన్పు పాఠం. “పరిణామక్రమం చూడండి, జంతువులు ఒంటరిగానే కంటాయి. మన శరీరానికి అన్నీ తెలుసు” అంటుందట ఆవిడ. బర్రె ఈనడం ఒక్కసారైనా చూసిందో లేదో. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నిన్న మా చెల్లె పోస్టు పెట్టింది. “మాది మంత్రసాని వంశం. నేను ఇంట్లో, ఒంటరిగా కంటాను.” కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

“దవాఖానోళ్లు అడ్డం రాకుంటే నేను అమ్మమ్మ చేతులల్లనే పుడుదును గదక్కా” అంది.

“జీపు తెమ్మన్నదే అమ్మమ్మ. ముందుగాల బయటికొచ్చింది నీ చెయ్యి. ఒంటరిగ ఉంటే మీ అమ్మ ఏం చేస్తుండె?”

ఫోన్ పెట్టేసింది. పోస్టు మాత్రం ఇంకా అలాగే ఉంది.

చదువురాని అమ్మమ్మకు తన చెయ్యి ఎక్కడ ఆగాలో తెలుసు... ఇప్పుడు అన్నీ తెలిసినవాళ్లకు అదొక్కటే తెలియడం లేదు.

మీ ఇళ్లలోనూ మంత్రసానులు ఉండే ఉంటారు. ఎంతమందిని పట్టారో తర్వాత... “నాతోని గాదు” అని ఎప్పుడు లేచారో రాయండి.

మా చెల్లె కామెంట్లు చదువుతుంది.