కరుణమ్మ ఆంటీ ఆఖరి డోసు

2023 ఫిబ్రవరిలో సిడ్నీలోని పారమట్టాలో ఒక ఆసుపత్రిలో రిజిస్టర్డ్ నర్సుగా చేరాను. క్యాన్సర్ రోగులు పగటిపూట వచ్చి, కుర్చీలో కూర్చుని మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే విభాగం అది. పద్నాలుగు కుర్చీలు, అయిదుగురం రిజిస్టర్డ్ నర్సులం, ఇద్దరు ఎన్‌రోల్డ్ నర్సులు. రిజిస్టర్డ్ అంటే డిగ్రీ చదివి, కీమో మందు ఎక్కించే బాధ్యత ఉన్నవాళ్ళం. ఎన్‌రోల్డ్ నర్సులు డిప్లొమా చదివినవాళ్ళు, మా పర్యవేక్షణలో పనిచేస్తారు. బాబు పుట్టాక నేను ఆ ఉద్యోగం మానేశాను. అక్కడ రెండో ఏడాది ఆగస్టులో, అంటే అక్కడి చలికాలంలో, జరిగిన ఒక సంగతి ఇది.

మా పనంతా ఒక సూదితో మొదలయ్యేది. క్యాన్యులా అనే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని సూది సాయంతో రక్తనాళంలోకి పంపుతాం. సూదిని వెనక్కి తీసేస్తే గొట్టం లోపల ఉండిపోతుంది. మందు అందులోంచే వెళ్ళాలి. నాళం చిట్లి మందు పక్కకి కారితే చర్మం, కండ పాడవుతాయి. అందుకని ఒక నియమం ఉంది. ఒక నర్సు ఒక రోగికి రెండుసార్లే ప్రయత్నించాలి. రెండూ తప్పితే మరొకరిని పిలవాలి.

నాకు పిలవాల్సిన అవసరం రాలేదు. నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. తలుపు తాళం వేశానో లేదోనని బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఈ ఒక్క పనిలో మాత్రం కంగారు ఉండేది కాదు. నరం దొరకని రోగి వస్తే మిగతా నర్సులు నా కోసమే చూసేవాళ్ళు. రోజూ రైల్లో కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ రోజు నా చెయ్యి తప్పనివ్వకు" అని ప్రార్థించేదాన్ని. దాన్ని నేను విశ్వాసమనే అనుకున్నాను.

కరుణమ్మ ఆంటీది చీరాల. కొడుకు దగ్గర, సిడ్నీలోనే ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో స్థిరపడి పదేళ్ళయింది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది కాబట్టి ఆ వైపు చేతికి సూది వెయ్యకూడదు. మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. వారానికొకటి చొప్పున ఎక్కిన పదకొండు డోసులతో ఆ చేతి నరాలన్నీ సన్నబడిపోయాయి. ఆ రోజు పన్నెండోది, ఆఖరి డోసు. అది తప్పితే మళ్ళీ కుర్చీ దొరికేది రెండు వారాల తర్వాతే. రేడియేషన్ తేదీలు కూడా వెనక్కి పోతాయి.

"ఏవమ్మాయ్, నువ్వే ఉన్నావా? హమ్మయ్య! వేరేవాళ్ళని చూస్తే నాకు బీపీ లేచిపోద్ది" అంటూ వచ్చి కూర్చుంది ఆంటీ. వెనకాలే ఫ్లాస్కూ సంచీ పట్టుకుని భర్త యేసురత్నం అంకుల్.

సూదికి ముందు రోగిని కొన్ని ప్రశ్నలు అడిగి, కాగితం మీద టిక్కు పెట్టాలి. జ్వరం ఉందా, ఏమైనా తిన్నారా, నీళ్ళు ఎన్ని కప్పులు తాగారు. నేను బీపీ పట్టీ చుడుతూ, "టిఫిన్ అయ్యిందా ఆంటీ?" అన్నాను.

"అయ్యిందమ్మా. నువ్వు తిన్నావా?" అంది.

తిన్నానని చెప్పి, నీళ్ళ సంగతి విడిగా అడక్కుండానే టిక్కులు పెట్టేశాను. మనలో అదొక పలకరింపు. దానికి వచ్చే జవాబూ పలకరింపే. నేను మర్యాదకి అడిగాను, ఆవిడ మర్యాదకి చెప్పింది, కాగితం మీద మాత్రం అది వైద్య సమాచారంగా ఎక్కింది.

ఒంటిగంటా నలభైకి ఫార్మసీ నుంచి మందు సంచీ వచ్చింది. కలిపిన మందుకి గడువుంటుంది. దీని లేబుల్ మీద మూడున్నర అని ఉంది. ఎక్కడానికి గంట పడుతుంది కాబట్టి రెండున్నరకల్లా తగిలించాలి, లేకపోతే పారెయ్యాలి.

మొదటి సూది వేశాను. నరం పక్కకి జారిపోయింది. పది నిమిషాల తర్వాత, కాస్త పైన, రెండోది. గొట్టంలో రక్తం కనిపించిందని సంతోషించేలోపే చర్మం కింద ఉబ్బు వచ్చింది. చిట్లిపోయింది.

ఆంటీ కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, ఈ పిల్ల చెయ్యి వణుకుతా ఉంది. దీనికి తోడు ఎవర్నైనా పంపించయ్యా."

నాకు రోషం వచ్చింది. 

ట్రాలీ మీంచి మూడో క్యాన్యులా ప్యాకెట్ తీశాను. కుర్చీల మధ్య తెర వేసి ఉంది. ఎవరూ చూడటం లేదు.

"పొడువమ్మా, పర్లేదు. నేనెవరికీ చెప్పన్లే" అంది ఆంటీ.

ఆ మాటతో చెయ్యి ఆగింది. ఎవరికీ చెప్పకుండా చెయ్యాల్సిన పని నేను ఆ విభాగంలో అంతవరకూ చెయ్యలేదు. మనసులో ప్రార్థించబోతే రోజూ వచ్చే మాట రాలేదు. "ఇది నా వల్ల కావడం లేదు" అన్నది ఒక్కటే వచ్చింది. ప్యాకెట్ ట్రాలీలో పెట్టేసి తెర పక్కకి లాగాను. మిగతా రిజిస్టర్డ్ నర్సుల్లో ముగ్గురు మందు తగిలించే పనిలో ఉన్నారు, నాలుగో ఆమె భోజనానికి వెళ్ళింది. కౌంటర్ దగ్గర మెలే ఉంది.

మెలే టోంగా ద్వీపాల మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్‌రోల్డ్ నర్సు. దుప్పట్లు కప్పడం, టీలు ఇవ్వడం, కుర్చీలు తుడవడం ఆమె చేస్తుంటే చూశాను. సూది వెయ్యడానికి కావలసిన అర్హత కూడా ఆమెకుందని తెలుసు. ఒక్కసారైనా పిలవాలని తోచలేదు.

"మెలే, నాకు సాయం కావాలి" అన్నాను. బిగ్గరగానే వచ్చినట్టుంది, పక్క కుర్చీ ఆయన పేపర్ దించి చూశాడు.

మెలే వచ్చి ఆంటీ చేతిని చూడలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని, ఈ రోజు ఏం తాగావమ్మా అని ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ఆంటీ అంకుల్ వైపు చూసింది. అంకుల్ పైకప్పు వైపు చూడసాగాడు.

"ఆంటీ?"

"ఉపవాసమమ్మా" అంది చివరికి. "ఆఖరి డోసు గదా. రాత్రి నుంచీ ఏం ముట్టలా. సాయంత్రం ఆరింటిదాకా మంచినీళ్ళు కూడా లేవు."

"మరి టిఫిన్ అయ్యిందన్నారు!"

"నిన్నయ్యింది గదమ్మా. అయినా ఉపవాసం ఉన్నట్టు నలుగురికీ చాటుకోకూడదు గదా."

"నేను చెప్పబోతే నా కాలు తొక్కింది" అన్నాడు అంకుల్. "చలికాలం, ఒంట్లో నీళ్ళు లేకపోతే నరాలెట్టా దొరుకుతాయే అంటే, విశ్వాసం లేని మనిషివి, నువ్వు మాట్లాడబాక అంది."

ఇదంతా మెలేకి చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తమ సంఘంలోనూ ఉపవాసాలుంటారట. ఆసుపత్రి రోజున మాత్రం పాస్టరే ఫోన్ చేసి నీళ్ళు తాగావా అని అడుగుతాడట.

ఆంటీ నా కాగితం మీది టిక్కులు చూసింది, తన చేతి మీది ఉబ్బు చూసింది. "అంటే, నేను కడుపు మాడ్చుకుని దేవుడికి సాయం చేద్దామనుకున్నా. నువ్వు చేత్తో సాయం చేద్దామనుకున్నావు. మన సాయాలు ఆయనకి ఎక్కువైపోయినట్టున్నాయే!" అని పకపకా నవ్వింది. "పొయ్యండి ఆ టీ."

అంకుల్ అప్పటికే ఫ్లాస్కు మూత తీసేశాడు.

మెలే ఆమెకి రెండు కప్పుల గోరువెచ్చని నీళ్ళు తాగించింది. పైన ఏలకుల టీ. చేతికి వేడి ప్యాక్ చుట్టి, మీద దుప్పటి కప్పి, చెయ్యి కుర్చీ కిందికి వేలాడేలా పెట్టింది. ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యకుండా ఆగాలంది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నా వృత్తి జీవితంలో అంత పొడవైన ఇరవై నిమిషాలు లేవు. ఆంటీ మాత్రం మెలేని వదల్లేదు. ఏ సంఘం, పిల్లలెంతమంది, మీ దీవిలో చేపలు పులుసు పెడతారా వేపుతారా అని నా చేత అనువాదం చేయిస్తూనే ఉంది.

రెండూ ఇరవై రెండుకి మెలే దుప్పటి తీసింది. ముంజేతి పక్కన, నేను చూడని చోట, నీలంగా ఒక నరం తేలి ఉంది. సూది వేసింది. గొట్టం లోపలికి జారింది. సెలైన్ పంపి చూశాం, ఉబ్బు లేదు. రూలు ప్రకారం మరో రిజిస్టర్డ్ నర్సుని పిలిచి, పేరు, పుట్టిన తేదీ, మందు లేబుల్ ఇద్దరం కలిసి సరిచూశాం. రెండూ ఇరవై ఎనిమిదికి మందు తగిలించాను.

"స్తోత్రం!" అని ఆంటీ అరిచిన అరుపుకి పద్నాలుగు కుర్చీలూ తిరిగాయి. సంగతి తెలిశాక పేపర్ ఆయన చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఉపవాసం విడిచాక తినడానికి తెచ్చిన జంతికల డబ్బా అంకుల్ అప్పుడే తెరిచాడు. మెలే నాలుగు తిని, తయారు చేసే విధానం అడిగింది.

సాయంత్రం నోట్స్ రాశాను. రోగి ఆహారం, నీళ్ళ గురించి నేను సరిగా విచారించలేదు. నా ప్రయత్నాలు రెండూ విఫలమయ్యాయి. సాయం కోరాను. మూడోది మెలే, ఎన్‌రోల్డ్ నర్సు, సఫలం. నా లోపాన్ని నా చేత్తో రికార్డులో రాయడం అదే మొదలు. రాశాక ఏమీ కాలేదు. మేనేజర్ చదివి, ఆ ప్రశ్న అందరం కప్పుల లెక్కతోనే అడగాలని మర్నాడు చెప్పింది, అంతే.

ఆ రోజు నేర్చుకున్నది ఇది. దేవుడి మీద ఆధారపడుతున్నానని చెప్పుకుంటూ, నా చెయ్యి తప్పదన్న హామీకి ఆయన సంతకం అడిగేదాన్ని. ఆయన పంపే సాయం నాకంటే కింది హోదాలో, దుప్పట్లు మడతపెడుతూ ఉండవచ్చని ఊహించలేదు. ఆ తర్వాత రైల్లో ప్రార్థన మార్చుకున్నాను. ఎవరిని అడగాలో చూపించమని, అడగడానికి సిగ్గుపడనివ్వొద్దని. ఉద్యోగం మానేదాకా నా చెయ్యి చాలాసార్లు తప్పింది. ప్రతి ఒక్కటీ నా సంతకంతో నోట్స్‌లో ఉంది. ఒక్కదానికీ నిద్ర పాడుచేసుకోలేదు.