చలికాలం చేప

మస్కట్ నుంచి ఫోన్ వచ్చిన పొద్దు ఎల్లారెడ్డిలో మంచు ఇంకా విడవలేదు. పడవ మీద ఛాతీ పట్టుకొని కూలబడ్డ మా చిన్నబాపు మళ్ళీ లేవలేదట. అక్కడ కూడా చలే. ఉత్తరపు గాలి కొట్టే రోజులు.

ఆయన పని ఏందో చెప్తే కామారెడ్డి బస్టాండులో నవ్వేవాళ్ళు. షికారుకు వచ్చే సేట్లను సముద్రంలోకి తీసుకపోవుడు, గాలం వేయించుడు, పడ్డ చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసుడు. "వండుకోనికి గాదా?" అని అడిగితే "ఫోటోకు" అనేవాడు, మొఖం కూడా మార్చకుండా.

చలికాలంలో ఆ పని ఎట్ల మారుతదో సెలవుకు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. పైపైన తిరిగే చేపలు లోతుకు దిగుతయి, మందగిస్తయి. ఎర మీద విరుచుకపడవు, మూతితో తాకి చూస్తయి. అందుకే ఎరను నిదానంగా లాగాలె. ఆ తాకిడి వేలికి తెలియాలె. సేట్లకేమో కొట్లాడే చేప కావాలె, తొందరగా కావాలె. "సలికాలం శాప ఆకలి మీద ఉండదురా, అనుమానం మీద ఉంటది," అనేవాడు.

వదిలేటప్పుడు మాత్రం ఆయనకు తొందర లేదు. పొడిచేత్తో పడితే చేప ఒంటి జిగురు పోతదని ముందు చేతులు తడుపుకునేవాడు. చల్లగాలిలో ఎక్కువసేపు ఎత్తి పట్టనిచ్చేవాడు కాదు. దాని నోరు నీటి ఒరవడికి ఎదురుగా పెట్టి, అది తనంత తాను తోక కొట్టేదాకా పట్టుకునేవాడు. సెలవుకు ఇంటికి వస్తే ఆయన వేళ్ళ పగుళ్ళకు చిన్నమ్మ ఆముదం రాసేది.

నేను కరపత్రాలు చదివి మండిపోతున్న రోజులవి. "బతికున్నదాన్ని ఏడిపిచ్చి వదులుడు ఆటనా చిన్నబాపు? దొరల ఆటకు నువ్వు నౌకరువి," అన్న.

"నీ కాయితాల్ల శాప లేదు గదరా," అని నవ్విండు. "గాలం ఏసేది వాళ్ళు. బతికిచ్చేటోణ్ణి నేను."



పోయిన సెలవు చివర్లో, గడప మీద కూర్చొని ఆయనే అడిగిండు. "సలికి దమ్ము ఆడ్తలేదురా. ఈ ఒక్క సలికాలం ఆగుదామనుకుంటున్న. నువ్వేమంటవ్?"

ఆగు అంటే అయిపోయేది. "నేను వద్దంటే ఇంటవా? పో, నీ దొరలు ఎదురుచూస్తుంటరు," అన్న. ఎదిరించుడు అంటే గట్లనే ఉంటదనుకున్న.  తెల్లారి సంచి సదురుకున్నడు.

హైదరాబాద్ నుంచి కామారెడ్డి మీదుగా చిన్నబాపు ఉన్న పెట్టె వచ్చిన రోజు, నేనన్న ఆ మాట చిన్నమ్మకు చెప్పిన. తిడుతదనుకున్న. తిట్టినా బాగుండు.

"నన్ను గూడ అడిగిండు బిడ్డా," అన్నది. "ఇల్లెట్ల ఎల్తది అని నేనే అన్న."

ఆఖరి స్నానానికి వాకిట్ల కాగు పెట్టినం. నీళ్ళు చాలు, దించుండ్రి అని పెద్దమనుషులు తొందరపెట్టిండ్రు. చిన్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

"ఇంకిన్ని కాగనియ్యిండ్రి," అన్నది. "పెట్టెల సల్లగై వచ్చిండు."

నేను ఇంకో కట్టె లోపలికి తోసిన.