ఆదివారం ఉపవాసమున్న నికెల్ తొట్టి

మొన్న మధ్యాహ్నం పురసవాక్కంలో మా ఇంటి ముందుగదిలో, నెత్తిమీదే ఉన్న కళ్ళద్దాల కోసం సోఫా కింద వెతుక్కుంటూ ఉండగా, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్న మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చి, "తాతా, ఇది ఒణ్ణుమే పురియల, ఏమీ అర్థం కావట్లేదు, నువ్వుగూడా ఇదేగదా చదివింది, కొంచెం చెప్పు" అని పక్కన చతికిలబడింది. నికెల్ అయాన్లున్న ద్రావణంలో చిటికెడు రాగి అయాన్లు కూడా కలిసి ఉంటే, కరెంటు బాగా తగ్గించి పంపినప్పుడు కేథోడు మీద ముందు ఏది పేరుకుంటుందని ప్రశ్న. రాగేనమ్మా, దాని ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ నికెల్ కంటే ఎగువన ఉంటుంది, కరెంటు తక్కువైతే నికెల్‌కి కావలసినంత తోపుడు అందదు, రాగి మాత్రం దొరికింది దొరికినట్టు వచ్చి అంటుకుంటుంది, అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెప్తూ చెప్తూ నా మాట నాకే వినబడి నోరు ఆగిపోయింది. ఆ క్షణం నుంచీ నా మనసు మనసులో లేదు.

మా పెద్దమ్మ భర్త, మా పెదనాన్న, ఆ రోజుల్లో అంబత్తూరులో ఒక చిన్న పూత ఫ్యాక్టరీలో మేస్త్రిగా ఉండేవాడు. ఇత్తడి కొళాయిలు తెచ్చి, తోమి, కడిగి, నికెల్ తొట్టిలో వేలాడదీసి మెరుపెక్కించి పంపడం అక్కడి పని. షెడ్డు వేసిన మొదటిరోజు నుంచీ ఉన్న మనిషి. చదివింది ఎనిమిదో తరగతి. నేను ఎమ్మెస్సీ ముగించి, అయాన్ల నడకల మీదా ఎలక్ట్రోడ్ల మీద జరిగే చర్యల మీదా పేజీలకు పేజీలు సమీకరణాలు కక్కగలిగి, ఉద్యోగం మాత్రం లేక తిరుగుతుంటే, ఆయనే యజమాని దగ్గర నిలబడి నన్ను కెమిస్టుగా పెట్టించాడు. ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్ళం, పెద్దమ్మ కట్టిన ఒకే క్యారియర్‌లో తినేవాళ్ళం, శనివారం మాత్రం ఆయన పెరుమాళ్ళకు ఉపవాసం గనక ఆయన వాటా కూడా నేనే తినేవాణ్ణి.

ఆయన ఉపవాసం నాకు అర్థమయ్యేది గానీ తొట్టి ఉపవాసం అర్థమయ్యేది కాదు. ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. అయినా పెదనాన్న పొద్దున్నే పోయి, మెట్లుమెట్లుగా మడిచిన ఒక ఇనుప రేకును తొట్టిలో దించి, మీటరు ముల్లు లేచీ లేవనంత సన్నగా కరెంటు పెట్టి, సాయంత్రం దాకా అలాగే ఉంచేవాడు. కొళాయిలు లేవు, సరుకు లేదు, ఊరికే ఒక రేకు. ఎందుకని అడిగితే, "వారమంతా మేసింది గదరా, ఈపొద్దు దానికి ఉపవాసం. నాకు శనివారం, దానికి ఆదివారం. కడుపులో చెడు దిగిపోతాది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, తప్పుపట్టలేదు.

కొన్నాళ్ళకు యజమాని నన్ను పిలిచి, కరెంటు ఎక్కడెక్కడ వృథా అవుతోందో రాసిమ్మన్నాడు. నా చదువుకు దొరికిన మొదటి పని. మూడు పేజీలు రాశాను, అందులో ఆదివారపు రేకు గురించి, దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు, మానవచ్చును అని ఒక వాక్యం. పెదనాన్న పేరు రాయలేదు, అదేదో పెద్ద మర్యాద చేసినట్టు అప్పుడు అనుకున్నాను. మరుసటి ఆదివారం నుంచి షెడ్డుకు తాళం పడింది. రెండు నెలలు గడిచేసరికి కొళాయిల వంపుల్లో, మడతల్లో నల్లగా రావడం మొదలైంది, సరుకు వెనక్కి వచ్చింది, ఉపవాసం మాన్పించారని మేస్త్రి అలిగి తొట్టిని పాడుపెట్టాడని యజమాని నలుగురిలో నోరు పారేసుకున్నాడు. పెదనాన్న బదులు పలకలేదు. ఆ నెలాఖరున మానేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నేనూ పలకలేదు.

పోయేరోజు ఆ మడతల రేకును పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టి, "ఉంచుకో, నీకు పనికొస్తాది" అన్నాడు. ఇనుప రేకు నాకెందుకో తెలియక ఇంటికి తెచ్చి పడేశాను. మడతల లోపల నల్లటి మరకలున్నాయని అమ్మ చింతపండు పెట్టి తోమింది, పోలేదు, చివరికి మేడమీద బట్టలుతికే రాయికి నీడగా కట్టింది. ఎప్పుడో పాత ఇనుమువాడికి పోయింది.

ఆ మరకలు రాగి. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగే గదా, కొళాయిలు తొట్టిలో జారిపడి, కరిగి, వారమంతా చేరిన ఆ రాగిని ఆ సన్నటి కరెంటు ఆదివారమంతా రేకు మీదికి ఏరిపెట్టేది. అది మాన్పించేసరికి ఆ రాగే కొళాయిల మడతల్లో నల్లగా తేలింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా కోసమే పుట్టిన సామెత. ఆ మరుసటి ఏడే నేను కాలేజీలో లెక్చరర్‌గా చేరి, మొన్న మనవరాలికి చెప్పిన పాఠాన్నే ముప్ఫైఏళ్ళు బల్లగుద్ది చెప్పాను, ఒక్కసారైనా ఆ తొట్టి గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదు? తెలియకనా, తెలిస్తే భరించలేననా? రెండుపూటలా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. ఆ వాక్యం రాసింది నేనేనని ఆయనకు తెలుసా? తెలిస్తే రేకు ఇచ్చింది దెప్పడానికా, దీవించడానికా? ఆ తరువాత కూడా ప్రతి పండక్కీ ఇంటికొచ్చి, నా విస్తట్లో తనే కూర వడ్డించి, "తొట్టి ఎట్టుందిరా ఆడ?" అని మాత్రం అడిగేవాడు. బాగుంది పెదనాన్నా అనేవాణ్ణి. నేను ఆ ఉద్యోగం మానేశాక కూడా అడిగేవాడు, నేనూ బాగుందనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు, పెద్దమ్మా లేదు, అంబత్తూరులో ఆ షెడ్డున్న చోట ఎవరిదో గోడౌన్.

మనవరాలు, ఇది నిజంగా ఎక్కడైనా పనికొస్తుందా తాతా అని అడిగితే, పూత తొట్టెలను ఇలాగే శుభ్రం చేస్తారనీ, ఒక మేస్త్రి దాన్ని ఉపవాసం అనేవాడనీ చెప్పాను. దానికి ఆ మాట భలే నచ్చింది. మా ఇంటి పిల్లలకు తెలుగు రాయడం రాదు, పుస్తకం అంచున తమిళ అక్షరాల్లో ఉపవాసం అని రాసుకుని, ఆ మేస్త్రి ఎవరు తాతా అంది. మా పెదనాన్న అన్నాను. తరువాత ఏమయ్యాడని అడిగింది. రిటైరయ్యాడమ్మా అన్నాను.