తెల్ల కారు మీద పసుపు

చిలకలూరిపేటలో మా ఇల్లు జిన్నింగ్ మిల్లు వెనకే ఉండేది. పత్తి సీజన్ మొదలైందంటే గాలినిండా నూగే. మజ్జిగలో, దిండ్ల మీద, ఆరేసిన బట్టల మీద అదే. మనుషులు సర్దుకుపోతారు, తడి రంగు సర్దుకోదు.

అందుకే ఆ ఏడు దోమతెర కట్టుకుని, అందులో కూర్చుని నా కారుకి రంగు వేశాను. అరచేయంత ప్లాస్టిక్ రేసు కారు. ముక్కలు విడివిడిగా వస్తాయి, గీకి, అతికించి, రంగు వేసి మనమే కారు చేసుకోవాలి. అప్పటికి నేను కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. పెళ్లీడు పిల్లకి ఈ బొమ్మ కార్లేంటని ఇరుగుపొరుగు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

దసరా మర్నాడు హైదరాబాదులో మోడల్ కార్ల పోటీ. మొదటిసారి పేరిచ్చాను, మొదటిసారి ఒక్కదాన్నే అంత దూరం వెళ్లబోతున్నాను. తెల్ల రంగు ఎంచుకోవడం నా పొగరే. దాని మీద వెంట్రుక పడినా కనిపిస్తుంది. రంగు వేయడం, నూగు అంటుకోవడం, గరుకు కాగితం తడిపి రుద్దడం, మళ్లీ వేయడం. చివరి పూత కుదిరాక కారు మీద దబరాగిన్నె బోర్లించి ఆరబెట్టాను. అన్నం తింటున్నా కళ్లు ఆ గిన్నె మీదే. పిల్లి దొర్లిస్తుందేమో, పులుసు కాయడానికి అమ్మ ఎత్తుకుపోతుందేమోనని.

మర్నాడు ఆయుధపూజ. నాన్న లారీ డ్రైవరు. ఒకే ఒక్క ఏడు పూజ చెయ్యకుండా లోడుతో బయల్దేరాడు, ఆ ఏడే లారీ కాలవలో పడి కాలు విరిగి ఇంటికొచ్చాడు. అప్పట్నుంచీ ఇంట్లో చక్రమున్న దేన్నీ అమ్మ వదలదు. కుట్టుమిషనుకీ, నా సైకిలుకీ కూడా బొట్టు పడాల్సిందే.

నేను స్నానం చేసి వచ్చేసరికి గిన్నె పక్కన పెట్టి ఉంది. తెల్లటి బానెట్ నడిమధ్య తడి పసుపు బొట్టు, దాని మీద కుంకుమ. నిమ్మకాయలు పట్టవని కాబోలు, నాలుగు చక్రాల కిందా తలా ఒక నిమ్మగింజ.

"అమ్మా! నిన్నెవరు ముట్టుకోమన్నారు దాన్ని?"

"అది మాత్రం బండి కాదా ఏంటే? రేపు దాన్ని పట్టుకుని ఒక్కదానివే పోతన్నావు. లారీకి పెట్టి దీనికి మానేస్తే, నువ్వు తిరిగొచ్చేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడుద్దా?"

తుడిస్తే కుంకుమ పోయింది, పసుపు పోలేదు. పూర్తిగా ఆరని రంగులోకి పట్టేసింది. ఏడుపొచ్చింది. మళ్లీ వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. కారు తలుపు మీద వెయ్యాల్సిన నంబరు స్టిక్కరు తెచ్చి బొట్టు మీద అతికించేశాను. అమ్మకి చెప్పలేదు. చెబితే బస్సెక్కనిచ్చేది కాదు.

పోటీలో జడ్జి టార్చిలైటు వేసి కారంతా చూస్తుంటే నా కళ్లు స్టిక్కరు మీదే. ఆయన స్టిక్కరు దగ్గర ఆగనే లేదు. వెనక రెక్క మీద, నేను చూసుకోని సన్నటి దూది పోగు దగ్గర ఆగాడు. బహుమతి రాలేదు.

ఇంట్లో ఫోను లేదు. పేట బస్టాండులో దిగేసరికి అమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో, ప్రతి బస్సులోకీ తొంగిచూస్తోంది. బహుమతి సంగతి అడగలేదు. అక్కడే కారున్న పెట్టె తెరిపించింది. బానెట్ చూడగానే మొహం పాలిపోయింది.

"చెరిపేశావా? బొట్టు చెరుపుకుని పోయావా అంత దూరం?"

నేను క్షేమంగా ఎదురుగానే ఉన్నాను. అయినా అమ్మ నా కాళ్లూ చేతులూ తడిమి చూస్తోంది. అది చూసి నాకూ భయం వేసింది. గోటితో స్టిక్కరు అంచు లేపి లాగాను. పసుపు చెక్కుచెదరకుండా ఉంది.

"ఉందమ్మా. పోయేటప్పుడూ ఉంది, వచ్చేటప్పుడూ ఉంది."

అమ్మ బెంచీ మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, "ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది.