కంప్యూటర్ కట్టిన పట్టుచీర

నేను తెలివైనవాణ్ణని నేనొక్కణ్ణే నమ్మే రోజుల్లో ఒక తెలివితక్కువ పని చేశాను. అమ్మకున్న ఒకే ఒక్క ఫోటోలో మెడ కింద అంతా చెదలు తినేశాయి. కంప్యూటర్‌లో బాగుచేస్తానన్న గాజువాక స్టూడియో అతను ముఖం మీద మరకలు తుడిచి, కింద పట్టుచీర, గాజులు, ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులు కూడా తెచ్చిపెట్టాడు. ఆ చేతులెక్కడివని అడగాలని నాకు తోచనే లేదు. నేను కొనిపెట్టలేని పట్టుచీర కంప్యూటర్ కట్టబెట్టిందని మురిసిపోయాను.

భీమిలి బస్సులో ఆ ఫోటో స్టూడియో పేరున్న కవరులోంచి తీసి చూసుకుంటుంటే పక్క సీటులోని పెద్దావిడ వంగి చూసింది.

“ఎవరు బాబూ?”

“మా అమ్మండి. పోయి చాలా ఏళ్లయింది.”

“తల మీ అమ్మదేమో గానీ, ఆ సేతులు నావి,” అంటూ తన కుడిచేతిని ఫోటో పక్కన పెట్టింది. అదే వంకర చిటికెన వేలు. “మా పిల్ల పెళ్ళప్పుడు ఈ స్టూడియోలోనే తీయించుకున్నాను. సీరా నాదే. మీ అమ్మ మొకం సూత్తే తెలీదేటి, ఇలాటి సీర కట్టిన మనిసి కాదని?”

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వబోయాను, రాలేదు.

“బతికున్నదాని ఒంటి మీద సచ్చినోల్ల తల పెడతారేటి? నన్ను తీసీ అందులోంచి.”

ఫోటోను అమ్మ మెడ దగ్గర మడిచి, గోటితో గట్టిగా గీసి, నెమ్మదిగా చింపాను. పై ముక్క జేబులో పెట్టుకున్నాను. కింది ముక్క ఆవిడ ఒళ్లో పెట్టి, “మీది మీరు తీసుకోండమ్మా,” అన్నాను.

భీమిలి దాకా ఆవిడ తల లేని తనను ఒళ్లో పెట్టుకుని, ముట్టుకోవడానికి భయపడుతూ కూర్చుంది.